శీర్షికలో మిగిలిన రాగము: స్వరలిపి సాఫ్ట్‌వేరు, యాంత్రిక పక్కవాద్యముల వాడుకపై ఒక విమర్శ

22వ కీర్తనకు పైన చిన్న శీర్షిక ఒకటి ఉన్నది. వేకువ లేడి అనే అర్థమిచ్చే హెబ్రీ మాటలు అందులో ఉన్నవి. మన తెలుగు బైబిలు అనువాదకులు ఆ మాటలను తెలుగు చేయక, శబ్దమును అలాగే ఉంచి, ప్రక్కన రాగము అనే మాట చేర్చారు. 45, 57 కీర్తనలకు కూడ ఇటువంటి శీర్షికలే ఉన్నవి. ఇవి ఆనాటి జనులకు నోటికి వచ్చిన వరుసల పేర్లని వ్యాఖ్యాతలలో అనేకుల అభిప్రాయము. పేరు చెప్పితే చాలు, ప్రధాన గాయకుడు ఎత్తుకొనేవాడు, జనులు అందుకొనేవారు. నేడు ఆ పేరు మన చేతిలో ఉన్నది, వరుస లేదు. పాడేవారి నోట అది ఆగిపోయిన దినము ఏదో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిచి చూడండి. పురుషోత్తమ చౌధరి గారు (1803–1890) మొదలుకొని మన భక్తులు వ్రాసిన కీర్తనల మీద రాగము పేరు, తాళము పేరు ఉంటవి. కొన్నింటికి ‘ఛాయ’ అని వ్రాసి మరియొక పాట మొదటి మాటలు ఇస్తారు; అనగా ఆ పాట వరుసలో దీనిని పాడవలెనని. ఆ మరియొక పాటను ఎరిగినవారు లేకపోతే ఛాయ కూడ చీకటే. ఆదివారము మన చేతులలో ఉండే మామూలు ప్రతిలో స్వరములు ఉండవు. మోహన, తోడి, నాదనామక్రియ, ఆది, రూపక, త్రిపుట అనే పేర్లు మాత్రమే ఉంటవి. ఈ పేర్లను చూచి పాడగలిగిన కాపరులు ఎంతమంది? మేము బి.డి. చదువుకున్న రోజులలో లూథరు పాటల చరిత్ర, వెస్లీ సహోదరుల పాటల చరిత్ర శ్రద్ధగా వ్రాసుకొన్నాము. మన పాటల పుస్తకములో ప్రతి పుటపైన ఉన్న రాగము పేరు ఏమిటని అడగవలెనని మాకే తోచలేదు. ఆ తప్పు మాది.

ఈ వ్యాసములో మేము తలపెట్టినది రెండు రకముల కంప్యూటరు పనిముట్లను కలిపి వాడే పద్ధతిని పరీక్షించుట. ఒకటి స్వరమును వ్రాసే సాఫ్ట్‌వేరు. రెండవది, పాటకు డోలు, బేసు, గిటారు తనంతట తానే వాయించి పెట్టే పక్కవాద్యపు ప్రోగ్రాము. ఈ రెండూ నేడు మన సంఘములలోనికి వచ్చియున్నవి. ఇబ్రహీంపట్నము వంటి చోట ఇవి రావడములో ఆశ్చర్యము లేదు. నాగార్జునసాగర్ రహదారి పొడుగునా ఇంజనీరింగు కళాశాలలు ఉన్నవి. చుట్టుప్రక్కల పల్లెల యౌవనస్థులు అక్కడ చదువుకొని ల్యాప్‌టాప్‌తో ఇంటికి వస్తారు, ఆదివారము దానినే మందిరములో కీబోర్డు ప్రక్కన పెడతారు. వారు మనస్ఫూర్తిగా చేసే సేవ అది. కాబట్టి ఈ విమర్శ వారి మీద కాదని ముందే చెప్పుచున్నాము.

మొదట ఈ పనిముట్ల సంగతి. స్వరలిపి సాఫ్ట్‌వేరులలో ఫినాలే 1988లో, సిబేలియస్ 1993లో వచ్చినవి. రెండూ డబ్బు పెట్టి కొనవలసినవి. మ్యూజ్‌స్కోర్ ఉచితము, దాని మొదటి పూర్తి రూపము 2011లో వెలువడినది. అయిదు గీతల మీద స్వరము పెట్టి, దాని క్రింద మాట వ్రాసి, మీట నొక్కితే అది వాయించి వినిపిస్తుంది. పక్కవాద్యములలో ఎక్కువ పేరున్నది బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్. కెనడాలోని పి.జి. మ్యూజిక్ అను సంస్థ 1990లో దానిని విడుదల చేసినది. పాటలో ఏ గడిలో ఏ కార్డ్ రావలెనో అక్షరములలో టైపు చేసి, ఒక స్టైల్ ఎంచుకొంటే, మిగిలిన వాద్యబృందమును అదే కూర్చుకొంటుంది. మన కీబోర్డులలో ఉండే ‘రిథమ్’, ‘స్టైల్’ మీటలు చేసే పని కూడ ఇదే. ఎడమచేతితో ఒక కార్డ్ నొక్కితే చాలు, పది చేతులు వాయించినట్లు వినబడుతుంది. వాయించేవారు ఒక్కరే ఉన్న చిన్న సంఘమునకు ఇది ఎంత ఊరట అనేది మాకు అనుభవమే. మా మందిరములో డోలక్ వాయించే సహోదరుడు పని వెతుక్కొంటూ పట్నము పోయిన తరువాత రెండేండ్లు తాళములతో, చప్పట్లతో గడిపినాము.

ఈ రెండింటినీ జతచేయడము సులభము. పక్కవాద్యపు ప్రోగ్రాము కూర్చినదానిని మిడి ఫైలుగా తీసి స్వరలిపి సాఫ్ట్‌వేరులో తెరవవచ్చును; అక్కడ పాట వరుసను చేర్చి, ముద్రించి గాయకబృందమునకు పంచవచ్చును. చాలమంది చేసేది ఈ క్రమములోనే. ముందు స్టైల్ ఎంచుకొంటారు, దానికి కార్డ్స్ పెట్టుకొంటారు, దాని మీద పాట పాడుకొంటారు, అప్పుడు ఆ పాడినదానిని వ్రాసుకొంటారు. మా విమర్శ అంతయు ఈ క్రమము మీదనే.

మాకు జరిగినదే చెప్పెదము. కొన్నేండ్ల క్రితము మేము సంఘములోని పాత కీర్తనలను స్వరపరచి పెట్టవలెనని ఉత్సాహపడి, త్రిపుట తాళము అని శీర్షిక గల ఒక కీర్తనతో మొదలుపెట్టినాము. త్రిపుటకు ఏడు అక్షరములు: మూడు, రెండు, రెండు. ఒకటవ అక్షరము మీద, నాలుగవదాని మీద, ఆరవదాని మీద చప్పట్లు పడతవి. మా కీబోర్డులో, మా ల్యాప్‌టాప్‌లో ఉన్న స్టైల్స్ తిరగవేస్తే నాలుగు లెక్కవి, మూడు లెక్కవి కొల్లలుగా ఉన్నవి; మన దేశము కొరకు చేసిన కీబోర్డు గనుక దాద్రా, కెహర్వా కూడ ఉన్నవి. అవి ఆరు, ఎనిమిది. ఏడు కనబడలేదు. ఎనిమిదిదే పెట్టినాము. ఆవర్తమునకు ఒక అక్షరము ఎక్కువైనది. నాలుగు ఆవర్తముల పల్లవికి ఇరువది ఎనిమిది అక్షరములు కావలసినచోట ముప్పది రెండు వచ్చినవి. ఆ నాలుగు ఖాళీలలో ఏమి చేయవలెను? మాట సాగదీయవలెను, లేదా ఊపిరి పీల్చుకొనవలెను. ఊపిరి పీల్చిన చోట మాట రెండు ముక్కలైనది. రక్షకుని పేరు సగము పలికి ఆగి, డోలు కొట్టిన తరువాత మిగిలిన సగము పలికినట్లయినది.

అంతకన్న పెద్ద తప్పు ఇంకొకటి చేసినాము. ఆ కీర్తన ఎత్తుగడ సమము మీద లేదు. తాళము పడిన తరువాత ఒక అక్షరము విడిచి పాట ఎత్తుకొనవలెను. మన పాటలలో ఇది సామాన్యము. మేము అది గమనింపక, పాట మొదటి అక్షరమును మొదటి గడిలో మొదటి లెక్క మీదనే టైపు చేసినాము. సాఫ్ట్‌వేరు అడ్డు చెప్పదు. గడిలో లెక్క సరిపోతే దానికి చాలు. దానితో పాట అంతయు ఒక అక్షరము ముందుకు జరిగినది. బలము పడవలసిన అక్షరము తేలిపోయి, విభక్తి ప్రత్యయముల మీద డోలు గట్టిగా మ్రోగినది. మేము దానిని చక్కగా ముద్రించి, తెలుగు మాటలు స్వరముల క్రింద అమర్చి, పదిమంది యౌవనస్థులకు పంచినాము. కాగితము అందముగా ఉన్నది. అదియే ప్రమాదమైనది.

ఆదివారము పాట ఎత్తినప్పుడు మా సంఘములో డెబ్బది ఏండ్లు దాటిన ఒక అవ్వ తన అలవాటు చొప్పున పాడినది. పాఠశాలకు వెళ్లని మనిషి. ఆమె నోట నలభైకి పైగా కీర్తనలు పూర్తి చరణములతో ఉన్నవి. ఆరాధన అయిన తరువాత ఒక యౌవనస్థుడు, మర్యాద తప్పకుండానే, ఆమెతో అన్నాడు: “అవ్వా, నువ్వు ఆడ గుంజుతున్నవు. కంప్యూటర్ల గట్ల లేదు.” ఆమె మా వైపు తిరిగి, “నాకు గట్లనే వస్తది అయ్యగారూ, మా అమ్మ గట్లనే పాడేది” అన్నది. తరువాత మూడు వారములు ఆమె పాట ఎత్తలేదు. పెదవులు మాత్రము కదిలించినది.

మేము ఆమె ఇంటికి వెళ్లి, ఫోనులో ఆమె పాటను పట్టుకొని, ఇంటికి తెచ్చి నెమ్మదిగా త్రిప్పి విని, చేతితో తాళము వేసినాము. ఏడు అక్షరములకు ఏడూ సరిగా ఉన్నవి. ‘గుంజుడు’ అని యౌవనస్థుడు అన్నది ఆరవ అక్షరము మీద ఉండవలసిన కార్వయే. తప్పు మా కాగితములో ఉన్నది. అయితే ఆ కాగితమునకు మందిరములో లభించిన గౌరవము ఆమె నోటికి లభించలేదు. ముద్రించినది ఒప్పు, పాడినది తప్పు అయినది. పక్కవాద్యపు యంత్రము ఒక్కటే ఉన్నప్పుడు ఇంత హాని లేదు. అది వాయించి ఊరకుంటుంది, జనులు తమ చొప్పున సర్దుకొంటారు. స్వరలిపి ఒక్కటే ఉన్నా హాని తక్కువ, సరిచూచేవారు చూస్తారు. యంత్రము వంచినదానిని స్వరలిపి వ్రాసి ముద్రవేసినప్పుడే అది ప్రమాణమై కూర్చుంటుంది.

తాళము సంగతి ఇట్లుండగా రాగము సంగతి ఇంకను సూక్ష్మము. మోహన రాగమును తీసికొందము. సి స్వరమును షడ్జముగా పెట్టుకొంటే మోహనలో ఉండేవి సి, డి, ఇ, జి, ఎ అనే అయిదే. మధ్యమము లేదు, నిషాదము లేదు. కీబోర్డు నేర్చుకొనే ప్రతివాడు మొదట నేర్చుకొనేవి సి, ఎఫ్, జి అనే మూడు మేజర్ కార్డ్స్. ఎఫ్ కార్డ్ నొక్కగానే అందులోని ఎఫ్ మధ్యమమై వినబడుతుంది. జి కార్డ్ నొక్కగానే అందులోని బి నిషాదమై వినబడుతుంది. పాడేవారు మోహననే పాడుచుండగా, వారి వెనుక బేసు, గిటారు శంకరాభరణమును వాయించుచున్నవి. మొదట చెవికి అది వింతగా ఉంటుంది. పది వారములలో అలవాటవుతుంది. ఇరువది వారములలో పిల్లల గొంతులలో మధ్యమము దొర్లుతుంది. మోహన స్వరములలోనే పూర్తిగా ఇమిడే మామూలు కార్డ్స్ రెండే: సి మేజర్, ఎ మైనర్. ఈ చిన్న సంగతి తెలిసి వాయిస్తే ఎంతో మేలు జరుగును.

మాయామాళవగౌళ కుటుంబపు రాగములలో హాని ఇంకను పెద్దది. నాదనామక్రియ ఆ కుటుంబములోనిదే. అందులో రిషభము, ధైవతము రెండూ శుద్ధములు. సి షడ్జమైతే డి ఫ్లాట్, ఎ ఫ్లాట్. జి మేజర్ కార్డ్‌లో ఉన్నది శుద్ధమైన డి కాదు, చతుశ్రుతి డి. ఎఫ్ మేజర్‌లో ఉన్నది చతుశ్రుతి ఎ. పాడేవాని రిషభము ఒక మెట్టు క్రింద, గిటారు రిషభము ఒక మెట్టు పైన. రెండింటిలో బిగ్గరగా ఉన్నది గెలుస్తుంది. స్పీకరు పెట్టెకు వంద వాట్లు ఉండగా అవ్వ గొంతుకు ఏమున్నది? పశ్చాత్తాపముతో ఏడ్చే కీర్తన పండుగ పాటగా మారి, దానిని మనము ‘క్రొత్త ట్యూను’ అని పిలుచుచున్నాము. ఎవరూ క్రొత్త ట్యూను కట్టలేదు. మూడు కార్డ్స్ మాత్రమే ఎరిగిన ఎడమచేయి దానిని కట్టినది.

ఇక గమకము. తోడిలో గాంధారము ఒకచోట నిలువదు, ఊగుతుంది. ఆ ఊపే తోడి. అయిదు గీతల మీద ఒక చుక్కగా దానిని పెట్టితే, సాఫ్ట్‌వేరు ఆ చుక్కను చదునుగా వాయిస్తుంది. వినేవానికి అది తోడి అనిపించదు. దీనికి స్వరలిపినే నిందించి ప్రయోజనము లేదు. వ్రాత ఎప్పుడును గొంతులో సగమే. ఈ చిక్కుతో మన కన్న ముందు కుస్తీ పట్టినవారు ఉన్నారు. వారిలో ఒకరు క్రైస్తవుడు. మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియారు గారు 1890లలో త్యాగరాజు మొదలైనవారి కృతులను పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసి ‘ఓరియెంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్’ అని వెలువరించారు. ఆయన విద్వాంసులను పాడించి, విని, వ్రాసుకొన్నాడు. క్రమము గమనించండి: ముందు గొంతు, తరువాత గీతలు. ఆయన ప్రోత్సాహము అందుకొన్న సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురము నుండి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ప్రకటించారు. అది తెలుగులో అచ్చయిన గ్రంథము. తమిళదేశములో ఉండి తెలుగు లిపిలో వ్రాసినారు. గమకములు ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుర్తు పెట్టినారు. నూరేండ్లు దాటినా ఆ గుర్తులను పట్టుకొని నేటి గాయకులు పాతదానిని వెదకుచున్నారు. మన కీర్తనల పుస్తకములకు అటువంటి పని ఒకటి జరిగియుంటే, ఈ వ్యాసము వ్రాయవలసిన అగత్యము మాకు ఉండెడిది కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. మా సంఘపెద్దలలో కొందరు, ఈ యంత్రములు విదేశీయములు గనుక మందిరములో వద్దు, హార్మోనియము చాలు అంటారు. వారి బాధ మాకు అర్థమగును, వాదము మాత్రము నిలువదు. హార్మోనియము 19వ శతాబ్దిలో ఫ్రాన్సులో పుట్టినది. దాని మెట్లు కూడ కీబోర్డు మెట్ల వలె సమానముగా కోసినవే. గమకము దానికీ రాదు. ఆ కారణము చేతనే ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దానిని తన కార్యక్రమములలో నిషేధించినది. అయినను మన పల్లె సంఘములు ముప్పావు శతాబ్దిగా దానితోనే పాడుకొన్నవి, కీర్తనలు చెడలేదు. ఎందుకు? హార్మోనియము పాటను వెంబడించినది. గాయకుడు ఆగితే తిత్తి ఆగినది; అవ్వ చరణము చివర నెమ్మదించితే వ్రేళ్లు నెమ్మదించినవి. యాంత్రిక పక్కవాద్యమునకు చెవి లేదు. మీట నొక్కిన వేగముతో అది పోవుచునే ఉంటుంది. జనులే దానిని అందుకొనుటకు పరుగెత్తవలెను. కాబట్టి భేదము స్వదేశీ విదేశీ అనునది కాదు, ఎవరు ఎవరిని వెంబడించుచున్నారు అనునది. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పిల్లనగ్రోవి, వీణ, బూర అనే వాద్యముల సంగతి ఎత్తినది స్వరముల భేదము స్పష్టముగా తెలియవలెనని. ఆయన మాట భాషల వరమును గురించినదే, ఒప్పుకొందుము; అయినను ఆ దృష్టాంతము నిలుచుటకు, స్వరభేదము చెడితే అర్థము చెడును అనే అనుభవము వినేవారికి ముందే ఉండవలెను.

అందుచేత మేము క్రమము త్రిప్పివేసినాము. ముందు గొంతు. అవ్వను, ప్రక్క పల్లె నుండి వచ్చే మరి ఇద్దరు తల్లులను విడివిడిగా పాడించి, ఫోనులో పట్టినాము. ఒకచోట కూర్చోబెట్టితే ఒకరిని చూచి ఒకరు సర్దుకొంటారు. తరువాత చేతితాళము వేసి సమము గుర్తించి, ఎత్తుగడకు ముందున్న విరామమును మొదట వ్రాసి, అప్పుడు మ్యూజ్‌స్కోర్‌లో స్వరము పెట్టినాము. గడికి ఏడు లెక్కలు పెట్టుకొనుటకు ఆ సాఫ్ట్‌వేరులో అడ్డు ఏమియు లేదు; మూడు, రెండు, రెండుగా గుంపు కట్టి చూపుతుంది. అవ్వ శ్రుతి ఐదు, అనగా జి. వ్రాత సి మీదనే ఉంచి, వాయింపు జికి మార్చుకొన్నాము. అది ఒక మీట పని. తెలుగు మాటలు స్వరముల క్రింద పెట్టుటలో యూనికోడ్ ఉంటే చిక్కు లేదు. మన భాషలో అక్షరమే పలుకుబడికి కొలత గనుక ఇంగ్లీషు మాటలకన్న మన మాటలే స్వరమునకు చక్కగా కూర్చుంటవి. సంఘములలో పాటల పుస్తకములు చాలవరకు అను ఫాంట్లలో టైపు చేసినవి; వాటిని తెచ్చి అతికిస్తే అర్థము కాని గుర్తులు వస్తవి. వాటిని యూనికోడ్‌కు మార్చుకొనవలెను, లేదా మళ్లీ టైపు చేయవలెను. మేము మళ్లీ టైపు చేసినాము. అచ్చుతప్పులు కొన్ని దొరికినవి.

పక్కవాద్యము చివర వచ్చినది. రెడీమేడ్ స్టైల్స్‌లో ఏడు దొరకనప్పుడు స్వయముగా చేసుకొనే ప్రోగ్రాము వెదకి ఎం.ఎం.ఎ. అనుదానిని పట్టినాము. మ్యూజికల్ మిడి అకంపనిమెంట్ అని దాని పూర్తి పేరు. కెనడాకు చెందిన బాబ్ వాన్ డర్ పోయెల్ అనే ఆయన దానిని వ్రాసి ఉచితముగా ఇచ్చినారు. దానికి బొమ్మలు, బటన్లు లేవు. ఒక మామూలు కాగితము వంటి ఫైలులో గడికి ఎన్ని లెక్కలు, ఏ లెక్క మీద ఏ దెబ్బ, ఎంత బలముతో అని టైపు చేయవలెను. మా సంఘపు ఇంజనీరింగు విద్యార్థికి అది ఒక సాయంత్రపు పని అయినది: ఒకటి మీద లోతైన దెబ్బ, నాలుగు మీద, ఆరు మీద తేలిక దెబ్బలు. అవ్వకు వినిపించితే తల ఊపినది. వాద్యముల చోట మాత్రము లోటు ఉన్నది. మిడి వాద్యముల ఉమ్మడి పట్టికను 1991లో స్థిరపరచినప్పుడు అందులో సితార్‌కు, షహనాయికి చోటు ఇచ్చారు; మృదంగము, తబలా, కంజీర లేవు. మేము ప్రస్తుతము బోంగోతో గడుపుచున్నాము. కంజీర ధ్వనిని వేరుగా సౌండ్‌ఫాంట్‌గా చేర్చవచ్చునని విద్యార్థి చెప్పుచున్నాడు.

కార్డ్స్ సంగతిలో మాకు దొరికిన ఉపాయము చాల చిన్నది. మేజర్, మైనర్ రెండూ విడిచి, సి5 అని వ్రాస్తే, ప్రోగ్రాము షడ్జపంచమములు మాత్రమే వాయిస్తుంది. అందులో గాంధారము లేదు గనుక రాగమును చెరిపే అవకాశము చాల తక్కువ. వినుటకు తంబూరా దగ్గరగా ఉంటుంది. పంచమము లేని రాగములకు ఇది కూడ పనికిరాదు. అక్కడ షడ్జము ఒక్కటే ఉంచినాము. మొదట యౌవనస్థులకు ఇది చప్పగా తోచినది. బ్యాండు ఉన్నట్లే లేదని ఒకరు నేరుగా అన్నారు. నిజమే. అన్ని పాటలకు ఇట్లు చేయవలెనని మేము అనడము లేదు. కార్డ్స్ మీదనే పుట్టిన నేటి పాటలకు కార్డ్స్ ఉండవలసినదే. వాటిని తంబూరాతో పాడించుట కూడ అన్యాయమే.

ఫైలు భద్రపరచే విషయములో ఒక హెచ్చరిక. మిడి ఫైలులో స్వరమునకు అంకె మాత్రమే ఉంటుంది. డి ఫ్లాట్, సి షార్ప్ రెంటికి ఒకే అంకె. శుద్ధ రిషభమని మనము వ్రాసినది మరియొక సాఫ్ట్‌వేరులో తీవ్రషడ్జముగా తెరుచుకొనవచ్చును, అట్టి స్వరము మన సంగీతములోనే లేదు. మ్యూజిక్ ఎక్స్.ఎం.ఎల్. అను పద్ధతిలో, అది 2004లో వెలువడినది, ఈ భేదము నిలుచును. కాబట్టి పక్కవాద్యము మిడిలో, పాట వరుస మ్యూజిక్ ఎక్స్.ఎం.ఎల్.లో. 2024 ఆగస్టులో ఫినాలే తయారీదారులు దానిని ఇక ముందుకు కొనసాగించమని ప్రకటించారు. ముప్పది ఐదేండ్ల సాఫ్ట్‌వేరు. దాని సొంత పద్ధతిలో మాత్రమే దాచుకొన్నవారు ఇప్పుడు మార్చుకొనే పనిలో ఉన్నారు. అందుకే మేము ప్రతి కీర్తనకు మూడు పెట్టుచున్నాము: ఫైలు, కాగితము, పాడినవారి గొంతు. మూడింటిలో తేడా వస్తే గొంతునే నమ్మవలెనని కాగితము పైభాగమున వ్రాసినాము, రాగము తాళము పేర్ల ప్రక్కననే.

ఇంతవరకు పదునాలుగు కీర్తనలు అయినవి. పదిహేనవదానిలో చిక్కు వచ్చినది. రెండవ చరణము ఎత్తుగడను అవ్వ ఒక విధముగా, ప్రక్క పల్లె తల్లి మరియొక విధముగా పాడుచున్నారు. ఎవరిది సరియైనదని అడిగితే ఇద్దరూ తమ తమ తల్లుల పేర్లు చెప్పినారు. విద్యార్థి ఒకటి ఎంచుకొందమన్నాడు. రెండు వ్రాస్తే పక్కవాద్యము ఎట్లు పెట్టేదని అతని ప్రశ్న. రెండు వరుసలూ ఒకదాని క్రింద ఒకటి వ్రాసినాము. ఆ గడులలో పక్కవాద్యము తీసివేసినాము. అక్కడ చేతితాళము మాత్రమే ఉన్నది. వచ్చే ఆదివారము అవ్వ ఎత్తుకొనవలసిన పాట అదే.